చందా పెరిగినప్పుడు పాస్‌వర్డ్ మేనేజర్‌ను మార్చాలా? ఒక కుటుంబం కేస్ స్టడీ

ఆరుగురు సభ్యులున్న ఒక కుటుంబం కొన్నేళ్లుగా వాడుతున్న పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లన్నిటినీ ఒకేచోట భద్రపరిచే యాప్) చందా వరుసగా రెండో రెన్యూవల్‌లోనూ పెరగడంతో, అందులోనే కొనసాగాలా లేక మరొకదానికి మారాలా అన్న ప్రశ్నతో నన్ను సంప్రదించింది. చిన్న కార్యాలయాలకు, కుటుంబాలకు డిజిటల్ భద్రత విషయంలో సలహా ఇవ్వడం నా వృత్తి. మేము ఏం పరిశీలించామో, ఏ నిర్ణయానికి ఎందుకు వచ్చామో వారి అనుమతితో, వారిని గుర్తుపట్టే వీలు లేకుండా ఇక్కడ రాస్తున్నాను. వారు వాడిన పాత సేవ పేరు అవసరం లేదు. ఈ పరిస్థితి ఏ సేవతోనైనా రావచ్చు.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. కూతురు ఇటీవలే ఉద్యోగంలో చేరింది, కొడుకు చదువుకుంటున్నాడు, భర్త తల్లిదండ్రులు వారితోనే ఉంటారు. పాస్‌వర్డ్ మేనేజర్‌ను ఇంటికి పరిచయం చేసింది, అందరి ఫోన్లలోనూ అమర్చిపెట్టింది భర్తే. మొదటిసారి కలిసినప్పుడు ఆయన ఐదు సేవల వార్షిక చందాలను పక్కపక్కన వేసిన పట్టికతో వచ్చారు. వాటిలో అన్నిటికంటే చవకైనది భద్రమైనదో కాదో నేను తేల్చి చెబితే చాలని ఆయన ఉద్దేశం. పట్టిక శ్రద్ధగా తయారుచేసినదే. అయితే ఆ సేవను వదులుకోవలసి వస్తే ఏమేం వెంట తెచ్చుకోగలం, ఏమేం అక్కడే ఉండిపోతాయి అన్న వివరం అందులో ఎక్కడా లేదు. నా దృష్టిలో ధర కంటే ముందు చూడవలసినది అదే.

మారేది ధర ఒక్కటే కాదు

పాస్‌వర్డ్‌ల నిల్వకు అయ్యే ఖర్చు చాలా తక్కువ. వందలాది ఖాతాల వివరాలున్న వాల్ట్ (పాస్‌వర్డ్‌లను దాచే డిజిటల్ ఖజానా) కూడా ఒక ఫోటో కంటే చిన్నదిగానే ఉండవచ్చు. చందాలో ఎక్కువ భాగం పోయేది వేరే పనులకు. ఆపరేటింగ్ సిస్టమ్‌లూ బ్రౌజర్లూ మారిన ప్రతిసారీ యాప్‌లనూ ఎక్స్‌టెన్షన్లనూ సరిదిద్దాలి, బయటి నిపుణులతో భద్రతా తనిఖీలు చేయించాలి, వినియోగదారుల ఫిర్యాదులకు జవాబివ్వాలి. కనుక ధర పెరగడాన్ని మోసంగా చూడనక్కరలేదు. ఒకసారి కొని ఏళ్ల తరబడి వాడుకునే పద్ధతి ఈ రంగంలో దాదాపు అంతరించింది. వన్‌పాస్‌వర్డ్ అనే మేనేజర్ తన 8వ వెర్షన్ నుంచి విడి లైసెన్సునూ, కంప్యూటర్‌లోనే ఉండే వాల్ట్‌నూ తీసివేసి పూర్తిగా చందా పద్ధతికి మారింది.

ధర అలాగే ఉన్నా షరతులు మారవచ్చు. లాస్ట్‌పాస్ అనే మరో మేనేజర్ 2021 మార్చిలో తన ఉచిత పథకాన్ని కంప్యూటర్లకో మొబైళ్లకో, ఏదో ఒక రకం పరికరాలకు పరిమితం చేసింది. అప్పటిదాకా రెండింటిలోనూ వాడుతున్నవారు డబ్బు కట్టడమో వదిలివెళ్లడమో తేల్చుకోవలసి వచ్చింది. కొన్ని సందర్భాల్లో సేవే మూతపడుతుంది. లాగిన్ కోడ్లు ఇచ్చే మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు 2025 ఆగస్టు నుంచి ఆ యాప్‌లో కనిపించడం మానేశాయి. డ్రాప్‌బాక్స్ తన పాస్‌వర్డ్ సేవను అదే ఏడాది అక్టోబరులో నిలిపివేసింది. ఈ సంస్థలేవీ చిన్నవి కావు. ధర పెరిగినా, ఉచిత సౌకర్యం కుదించుకుపోయినా, సేవ ఆగిపోయినా వినియోగదారుడిని కాపాడేది ఒక్కటే: తన సమాచారం మొత్తాన్ని, పనికొచ్చే రూపంలో, తనంతట తానుగా వెనక్కి తీసుకోగలగడం. ఈ మాట చెప్పినప్పుడు భర్త తన పట్టికను పక్కన పెట్టి, ముందు వాల్ట్‌లో ఏముందో చూద్దామన్నారు.

వాల్ట్‌లో ఏముంది

లెక్క చూస్తే ఆరుగురికి డబ్బు కడుతున్నా నిజంగా వాడుతున్నది నలుగురేనని తేలింది. పెద్దాయనా పెద్దావిడా మొదటి రోజు తర్వాత ఆ యాప్‌ను తెరవలేదు. పెద్దాయన తన పాస్‌వర్డ్‌లను డైరీలో రాసి బీరువాలో పెట్టుకుంటున్నారు. ఆ సంగతి చెప్పడానికి ఆయన మొహమాటపడ్డారు గాని, అందులో తప్పేమీ లేదని నేను స్పష్టంగా చెప్పాను. మనం భయపడవలసినది ఎక్కడో దూరాన కూర్చుని వేలాది ఖాతాలపై ఒకేసారి దాడిచేసేవారి గురించి. వారి చేయి బీరువాలోని డైరీ దాకా రాదు. ఒకే పాస్‌వర్డ్‌ను పదిచోట్ల వాడటం కంటే, పది వేర్వేరు పాస్‌వర్డ్‌లను కాగితం మీద రాసుకుని తాళం వేసుకోవడం ఎంతో మేలు.

మిగిలిన నలుగురి వాల్ట్‌లలో సాధారణ లాగిన్లతో పాటు మరికొన్ని ఉన్నాయి. గుర్తింపు పత్రాల స్కాన్లు జోడింపులుగా ఉన్నాయి. రెండో అంచె ధ్రువీకరణ కోసం ఆరంకెల కోడ్లు పుట్టించే రహస్య కీలు ఉన్నాయి. బీమా, బ్యాంకు ఖాతాల భద్రతా ప్రశ్నల జవాబులు అదనపు గడుల్లో ఉన్నాయి. ఇటీవల నమోదుచేసిన కొన్ని పాస్‌కీలు (పాస్‌వర్డ్‌కు బదులుగా పనిచేసే డిజిటల్ తాళంచెవులు) ఉన్నాయి. భార్యాభర్తలు కలిసి వాడే ఖాతాలు ఒక ఉమ్మడి ఫోల్డర్‌లో ఉన్నాయి. పిల్లలిద్దరూ తల్లిదండ్రులతో పంచుకుంటున్నది ఏమీ లేదు. అంటే కుటుంబ పథకంలో వీరికి నిజంగా ఉపయోగపడుతున్నది ఇద్దరి మధ్య పంపకం ఒక్కటే.

భార్య అప్పటిదాకా పెద్దగా మాట్లాడలేదు. ధరల చర్చ ఒక కొలిక్కి వస్తున్న సమయంలో ఆమె, "చవకదో ఖరీదైనదో మీరే చూడండి గానీ, ఆయనకేమైనా అయితే నేను వీటిలో ఒక్కటి కూడా తెరవలేనండీ" అన్నారు. కుటుంబ ఖాతాకు నిర్వాహకుడు భర్త. దాని రికవరీ సమాచారం ఆయన ఫోన్‌లోనూ, ఆయన సొంత వాల్ట్‌లోనూ మాత్రమే ఉంది. వాల్ట్ తెరవడానికి కావలసిన రెండో అంచె కోడ్ కూడా ఆ వాల్ట్ లోపలే ఉంది. ఆ ఫోన్ పోయిన రోజున భార్య మాట అటుంచి, భర్తకే దారి ఉండేది కాదు. ఇన్నేళ్లూ చందా కట్టినా ఇంటికి కావలసిన అసలు భద్రత ఏర్పడలేదన్నమాట. ఆమె మాటతో మా పరిశీలన దిశ మారింది. ఇక ప్రతి ప్రత్యామ్నాయాన్నీ రెండు ప్రశ్నలతోనే చూశాము. దీని నుంచి బయటపడటం ఎలా? ఆపద వేళ మరొకరు దీన్ని తెరవడం ఎలా?

పరిశీలించిన దారులు

ఉన్నచోటే ఉండి పెరిగిన చందా కట్టడం మొదటి దారి. దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఆరుగురూ రోజూ వాడుతూ, అనేక ఫోల్డర్లను పంచుకుంటూ ఉంటే నేను నిస్సంకోచంగా అదే సూచించేవాడిని, ఎందుకంటే మారడానికి పట్టే శ్రమా, ఆ మధ్యలో జరగగల పొరపాట్లూ పెరిగిన చందా కంటే ఖరీదైనవి. ఈ ఇంట్లో వాడకం అలా లేదు.

సొంత సర్వర్ నడుపుకోవడం భర్తకు ఇష్టమైన ఆలోచన. బిట్‌వార్డెన్ అనే మేనేజర్ యాప్‌లతో పనిచేసే వాల్ట్‌వార్డెన్ అనే తేలికైన సర్వర్ ప్రోగ్రామ్‌ను చాలామంది ఇళ్లలో నడుపుకుంటున్నారు. చందా ఉండదు గాని, అప్‌డేట్లు, బ్యాకప్‌లు, సర్టిఫికెట్ల పనంతా ఒక్క మనిషి మీద పడుతుంది. ఆ మనిషి లేని రోజు గురించే భార్య అడుగుతున్నప్పుడు ఇది జవాబు కాలేదు.

కీపాస్ కుటుంబానికి చెందిన ప్రోగ్రామ్‌ల మీద చాలాసేపు చర్చించాము. 2003లో డొమినిక్ రైకిల్ ప్రారంభించిన కీపాస్‌లో వాల్ట్ అంతా ఒకే ఎన్‌క్రిప్టెడ్ (పాస్‌వర్డ్ లేనిదే చదవలేని) ఫైల్. దాని కేడీబీఎక్స్ ఫార్మాట్‌ను కీపాస్‌ఎక్స్‌సీ, కీపాస్‌డీఎక్స్, కీపాసియం వంటి వేర్వేరు బృందాల యాప్‌లు తెరవగలవు. ఒక బృందం పని మానేసినా ఫైల్ మన దగ్గరే ఉంటుంది, తెరవడానికి మరో యాప్ ఉంటుంది. బయటపడటం ఎలా అన్న ప్రశ్నకు ఇంతకంటే గట్టి జవాబు నాకు తెలియదు. చిక్కల్లా ఇద్దరు మనుషులు, నాలుగు పరికరాలు ఒకే ఫైల్‌ను రోజూ మార్చేటప్పుడు వస్తుంది. క్లౌడ్ ఫోల్డర్‌లో ఉంచిన ఫైల్‌ను ఇద్దరూ ఒకే సమయంలో మారిస్తే రెండు ప్రతులు తయారవుతాయి. వాటిని కలిపే సౌకర్యం కీపాస్‌ఎక్స్‌సీలో ఉన్నా, ఫోన్ మీద ఆధారపడే మనిషి ఆ పనికి పూనుకోరు. పాత ప్రతినే వాడుతూ పాస్‌వర్డ్ పనిచేయడం లేదనుకుంటారు. అందుచేత దీన్ని రోజువారీ వాడకానికి కాక, బ్యాకప్‌కు కేటాయించాము.

ఫోన్లలోనూ బ్రౌజర్లలోనూ అంతర్నిర్మితంగా వచ్చే మేనేజర్లు ఇప్పుడు మెరుగ్గానే ఉన్నాయి. ఆపిల్ 2024లో పాస్‌వర్డ్స్ అనే విడి యాప్‌నే తెచ్చింది. ఇంట్లో అందరివీ ఒకే సంస్థ పరికరాలైతే ఇది సరిపోవచ్చు. ఇక్కడ భార్యది ఒక రకం ఫోన్, భర్తది మరొక రకం కావడంతో ఉమ్మడి ఖాతాలకు కుదరలేదు. పెద్దలిద్దరికీ మాత్రం ఇదే ఖాయం చేశాము. పెద్దాయన డైరీ కూడా అలాగే ఉంటుంది.

చివరికి భార్యాభర్తలకు బిట్‌వార్డెన్‌ను ఎంచుకున్నాము. దాని యాప్‌ల సోర్స్ కోడ్ బహిరంగంగా ఉంది, బయటి సంస్థల తనిఖీ నివేదికలు ప్రచురితమవుతున్నాయి, ఎన్ని పాస్‌వర్డ్‌లైనా ఎన్ని పరికరాల్లోనైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఇద్దరు సభ్యుల ఉమ్మడి వాల్ట్‌కు కూడా డబ్బు కట్టనక్కరలేదు. వాల్ట్‌లోనే ఆరంకెల కోడ్లు పుట్టించడానికీ, అత్యవసర ప్రవేశం అనే సౌకర్యానికీ మాత్రం ప్రీమియం కావాలి. అత్యవసర ప్రవేశంలో మనం ముందుగా నియమించిన వ్యక్తి ప్రవేశం కోరితే, మనం నిర్ణయించిన గడువులోగా తిరస్కరించకపోయిన పక్షంలో వాల్ట్ వారికి తెరుచుకుంటుంది. ప్రవేశం ఇచ్చేవారికి ప్రీమియం ఉంటే చాలు, అందుకునేవారికి అవసరం లేదు. భర్త ఖాతా ఒక్కదానికే ప్రీమియం తీసుకుని భార్యను నియమించాము, గడువు ఒక వారం. పిల్లలిద్దరూ ఎవరి ఉచిత ఖాతా వారు తెరుచుకున్నారు.

ఈ ఉచిత సౌకర్యాలు ఎప్పటికీ ఇలాగే ఉంటాయన్న నమ్మకం మీద ఈ నిర్ణయం ఆధారపడలేదు. ఎక్స్‌పోర్ట్ (సమాచారాన్ని ఫైల్‌గా బయటికి తీసుకోవడం) ఉచిత ఖాతాలోనూ ఉంది; ఆ ఫైల్‌ను కీపాస్‌ఎక్స్‌సీ నేరుగా దిగుమతి చేసుకోగలదు. నేను ఎక్కువ విలువ ఇచ్చింది దానికే.

మాస్టర్ పాస్‌వర్డ్ బలం

సేవ ఏదైనా, దొంగలు దాని సర్వర్ నుంచి వాల్ట్‌లను ఎత్తుకుపోయే అవకాశం ఉందనుకునే ఏర్పాట్లు చేసుకోవాలి. 2022లో లాస్ట్‌పాస్‌లో అదే జరిగింది. ఆగస్టులో మొదలైన చొరబాటు ఒక సీనియర్ ఇంజనీర్ ఇంటి కంప్యూటర్ ద్వారా క్లౌడ్ బ్యాకప్‌ల తాళాల దాకా పోయింది, వినియోగదారుల వాల్ట్ బ్యాకప్‌లు కాపీ అయ్యాయి. పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నా, వెబ్‌సైట్ చిరునామాలు మామూలు రూపంలోనే ఉన్నాయి. ఎవరికి ఏ బ్యాంకులో ఖాతా ఉందో దాన్ని బట్టే తెలుస్తుంది. మాస్టర్ పాస్‌వర్డ్ (వాల్ట్‌ను తెరిచే పాస్‌వర్డ్) నుంచి ఎన్‌క్రిప్షన్ కీని తయారుచేసేటప్పుడు గణనను ఎన్నిసార్లు తిప్పాలన్న సంఖ్య కొందరి పాత ఖాతాల్లో ఎప్పుడో ఉన్న 5,000 దగ్గరే ఆగిపోయింది, అప్పటికి కొత్త ఖాతాల్లో అది లక్ష దాటినా. ఈ సంఖ్య ఎంత తక్కువైతే దొంగ అంత వేగంగా ఊహలు ప్రయత్నించగలడు. సాఫ్ట్‌వేర్ భద్రతకు మార్గదర్శకాలు రాసే ఓవాస్ప్ సంస్థ ప్రస్తుతం ఈ పద్ధతికి సూచిస్తున్నది 6,00,000. దానికి బదులు, 2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీలో గెలిచిన ఆర్గాన్2 అనే పద్ధతిని వాడితే దొంగకు గణన శక్తితో పాటు మెమరీ కూడా బాగా ఖర్చవుతుంది. బిట్‌వార్డెన్ సెట్టింగ్‌లలో ఈ రెండో పద్ధతిని ఎంచుకున్నాము.

గణన ఎంత నెమ్మదైనా బలహీనమైన మాస్టర్ పాస్‌వర్డ్‌ను అది కాపాడలేదు. 7,776 మాటల జాబితా నుంచి పాచికలు వేసి ఆరు మాటలు ఎంచుకునే పద్ధతిని నలుగురితోనూ చేయించాను. ఒక్కో మాటకు దాదాపు 12.9 బిట్ల చొప్పున మొత్తం 77 బిట్ల బలం వస్తుంది (ఒక్కో బిట్‌తో దొంగ ప్రయత్నించవలసిన ఊహలు రెట్టింపవుతాయి). మాటలను మనసుకు నచ్చినట్టు ఎంచుకుంటే ఈ లెక్క వర్తించదు. పాచికలు చెప్పినవే తీసుకోవాలి. తెలుగు లిపిలో పెట్టుకోవచ్చా అని కూతురు అడిగింది. కొత్త ఫోన్‌లోనో వేరొకరి కంప్యూటర్‌లోనో తెలుగు కీబోర్డ్ సిద్ధంగా ఉండకపోవచ్చు, కంటికి ఒకేలా కనిపించే అక్షరం లోపల వేరే సంకేతాలుగా నమోదు కావచ్చు. అందుకని మాటలు తెలుగువే అయినా రోమన్ అక్షరాల్లో ఉంచుకొమ్మని చెప్పాను.

సమాచారాన్ని తరలించడం

ఈ కేసులో ఎక్కువ జాగ్రత్త కావలసి వచ్చింది ఇక్కడే. నన్ను కలవకముందే భర్త పాత సేవ నుంచి సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన సాదా పట్టిక) తీసి, రెండేసి సార్లు ఉన్న పద్దులు ఏరివేద్దామని స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేసి ఉంచారు. ఆ ఫైల్‌ను వాల్ట్‌తో పక్కపక్కన పెట్టి చూశాము. సున్నాతో మొదలయ్యే ఒక పిన్‌లో మొదటి సున్నా పోయింది. పదహారు అంకెల ఖాతా సంఖ్య ఒకటి కుదించిన రూపంలోకి మారి, చివరి అంకె సున్నా అయింది. స్ప్రెడ్‌షీట్ వాటిని అక్షరాలుగా కాక సంఖ్యలుగా చదవడమే దీనికి కారణం. పదిహేను అంకెలకు మించి అది గుర్తుంచుకోదు. బీమా ఖాతా పద్దులో ఐదు అదనపు గడులుండగా సీఎస్‌వీలో ఒక్కటీ రాలేదు, ఎందుకంటే అందులో పేరు, చిరునామా, యూజర్ నేమ్, పాస్‌వర్డ్, నోట్ వంటి మూల వరుసలే ఉంటాయి. ఆ ఫైల్‌నే నమ్ముకుని పాత ఖాతాను రద్దు చేసి ఉంటే భద్రతా ప్రశ్నల జవాబులన్నీ పోయేవి.

ఆ ఫైల్‌ను పక్కన పడేసి, సేవ సొంత ఫార్మాట్‌లో కొత్తగా ఎక్స్‌పోర్ట్ తీశాము. తీసేముందు మరో విషయం కనిపించింది. ఆయన కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ క్లౌడ్ డ్రైవ్‌తో దానంతట అదే సింక్ అవుతోంది, మునుపటి సీఎస్‌వీ అప్పటికే అక్కడికి చేరింది. ఎన్‌క్రిప్షన్ ఏమీ లేని ఆ ఫైల్‌లో ఆయన సొంత పాస్‌వర్డ్‌లూ, ఉమ్మడి ఖాతాల పాస్‌వర్డ్‌లూ ఉన్నాయి. దాన్ని క్లౌడ్ చెత్తబుట్ట నుంచీ, పాత వెర్షన్ల జాబితా నుంచీ తొలగించి, సింక్ ఆపి, ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ మీద మాత్రమే పని కొనసాగించాము. ఎస్‌ఎస్‌డీ రకం డిస్కులలో తుడిచిన ఫైల్ నిజంగా తుడుచుకుపోయిందని గ్యారంటీ ఇవ్వలేము కనుక, డిస్క్ మొదటి నుంచీ ఎన్‌క్రిప్ట్ అయి ఉండటమే నమ్మదగిన రక్షణ.

దిగుమతి తర్వాత లాగిన్లు, నోట్లు, కార్డులు వేటికవి లెక్కపెట్టి పాతవాటితో సరిచూశాము. సంఖ్యలు కలిసినంత మాత్రాన ఆగలేదు. ప్రతి ఒక్కరూ తమ ప్రధాన ఈమెయిల్‌లోకి, ఒక బ్యాంకు ఖాతాలోకి కొత్త యాప్ ద్వారానే ప్రవేశించి చూపించారు; ప్రీమియం ఉన్న భర్త ఆరంకెల కోడ్ అడిగే ఒక ఖాతాలోకి కూడా అలాగే ప్రవేశించారు. జోడింపులను ఒక్కొక్కటిగా దించుకుని కేడీబీఎక్స్ ఫైల్‌లో పెట్టాము. వాల్ట్ సొంత రెండో అంచె కోడ్‌ను ఈసారి వాల్ట్ బయట, వేరే ఆథెంటికేటర్ యాప్‌లో ఉంచాము. రికవరీ కోడ్‌ను కాగితం మీద ముద్రించి, పెద్దాయన డైరీ ఉన్న బీరువాలోనే భద్రపరిచాము. అత్యవసర ప్రవేశాన్ని భార్య స్వయంగా కోరి, గడువు పూర్తయ్యేదాకా భర్త స్పందించకుండా ఉండి, వాల్ట్ తెరుచుకోవడాన్ని ఆమె తన ఫోన్‌లో చూసిన తర్వాతే ఆ ఏర్పాటు పూర్తయినట్టు రాసుకున్నాను.

పాస్‌కీల విషయంలో మాత్రం చేతులతో చేయవలసిన పని మిగిలింది. ఒక మేనేజర్ నుంచి మరొకదానికి వాటిని భద్రంగా తరలించే ప్రమాణం ముసాయిదాను, పాస్‌కీల ప్రమాణాలను రూపొందించే ఫైడో కూటమి 2024 అక్టోబరులో ప్రచురించింది గాని, ఈ పాత సేవ ఎక్స్‌పోర్ట్‌లో పాస్‌కీలు రాలేదు. ప్రతి వెబ్‌సైట్‌లోకీ వెళ్లి కొత్త పాస్‌కీ నమోదుచేసి, అది పనిచేస్తోందని చూశాక పాతదాన్ని తొలగించారు. పాస్‌కీలను ఎక్కువగా వాడేవారు మేనేజర్‌ను ఎంచుకునేటప్పుడే ఎక్స్‌పోర్ట్‌లో అవి వస్తాయో లేదో చూసుకోవాలని గట్టిగా చెబుతాను.

పాత చందాకు ఆటో రెన్యూవల్ ఆపివేసి, కట్టిన గడువు ముగిసేదాకా ఆ ఖాతాను ముట్టుకోకుండా ఉంచాము. ఈలోగా మరచిపోయిన పద్దులు రెండు మూడు బయటపడ్డాయి. వాటిని అక్కడి నుంచే తెచ్చుకున్నారు. గడువు చివరి వారంలో ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లను కొత్తవాటితో మార్చారు, ఎందుకంటే పాత సేవ బ్యాకప్‌లలో వాల్ట్ ప్రతులు మరికొంత కాలం ఉండవచ్చు. చందా ముగిస్తే ఖాతా దానంతట అదే పోదు, కొన్ని సేవల్లో చదవడానికి మాత్రమే వీలయ్యే స్థితిలో అలాగే ఉండిపోతుంది. అందువల్ల ఆరుగురి ఖాతాలనూ విడివిడిగా తొలగించి, తొలగింపును ధ్రువీకరించే మెయిల్ ఒక్కొక్కరికీ వచ్చిందో లేదో చూసుకున్నాకే కేసును మూసివేశాను.